బొమ్మ పోతే వాన వస్తుంది

"అబ్బయా, బొమ్మ పొయ్యింది. మిద్దె మీద బట్టలు తీసకరాపో."

నెల్లూరు జిల్లా బోగోలులో మా పెద్దమ్మ ఈ మాట అన్నప్పుడు బయట చినుకు లేదు. సీరియల్ నడుస్తూ నడుస్తూ ముక్కలు ముక్కలుగా విరిగి, మనుషుల ముఖాలు చదరాలుగా మారి, ఆఖరికి తెర మీద 'సిగ్నల్ లేదు' అన్న అక్షరాలు మిగిలాయి. నేను మెట్లెక్కి చూశాను. నడినెత్తిన ఆకాశం తెల్లగానే ఉంది. ఆగ్నేయం మూలన మాత్రం, సముద్రం వైపు నుంచి నల్లటి మబ్బు గోడలా లేచి వస్తోంది. బట్టలు చంకన పెట్టుకుని దిగేసరికి వాకిట్లో పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

ఇది అక్టోబరు మాట. ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు తీరమంతా వానలు సముద్రం మీద నుంచే వస్తాయి. మా పెద్దమ్మకు ఉపగ్రహాల సంగతి తెలియదు. ఏళ్ల తరబడి చూసి ఒక లెక్క కట్టుకుంది: ముందు బొమ్మ పోతుంది, తర్వాత వాన వస్తుంది. ఆ లెక్క కాకతాళీయం కాదు. దాని వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది.

మనం వాడే టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ ఎత్తులో ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టి రావడానికి పట్టే సమయం, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయం ఒకటే. అందుకే అది మన ఆకాశంలో ఒకేచోట మేకు కొట్టినట్టు నిలబడుతుంది. మన డిష్‌ను ఒకసారి బిగించి వదిలేయగలగడానికి కారణం అదే. బోగోలు ఉన్నది సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది కాబట్టి ఊళ్లో ఏ డిష్ చూసినా ఎంతో కొంత దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఉత్తరానికి తిరిగిన డిష్ మీకు కనబడదు.

అయితే అన్నీ ఒకే దక్షిణం కాదు. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. బోగోలు దాదాపు 80 మీద ఉంది కనుక ఆ డిష్‌లు దాదాపు నేరుగా దక్షిణానికి చూస్తాయి. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 నుంచి వస్తాయి. ఆ డిష్ ఆగ్నేయానికి తిరుగుతుంది. ఎయిర్‌టెల్ వాడే ఉపగ్రహం 108 డిగ్రీల దగ్గరిది. ఆ డిష్ ఇంకా తూర్పుకు, అంటే మన సముద్రం వైపుకు ఒరుగుతుంది. బజారులో నడుస్తూ మిద్దెల మీదకు చూస్తే ఎవరింట్లో ఏ సర్వీసు ఉందో లోపలికి పోకుండానే చెప్పొచ్చు.

ఇక ఎత్తు సంగతి. మన ఊరి నుంచి జీశాట్-15 వైపు చూడాలంటే తల దాదాపు 67 డిగ్రీలు పైకెత్తాలి. కానీ డిష్‌ను చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు; పక్కింటి కొబ్బరిచెట్టు మొవ్వును చూస్తున్నట్టు ఉంటుంది. అది తప్పుగా బిగించడం వల్ల కాదు. ఇళ్ల మీద ఉండే డిష్ ఒక పెద్ద గిన్నెలోంచి ఒక పక్క ముక్కను కోసి తీసినట్టుంటుంది. పైనుంచి దిగిన తరంగం దాని మీద పడి, వాలుగా ఎగిరి, ముందుకు చాచిన కడ్డీ చివర ఉన్న ఎల్‌ఎన్‌బి అనే చిన్న పెట్టెలోకి దూరుతుంది. ఇలా చేయడం వల్ల ఎల్‌ఎన్‌బి నీడ డిష్ మీద పడదు, వాన నీళ్లు గిన్నెలో నిలవవు.

ఇప్పుడు వాన లెక్క చూద్దాం. మన ప్రాంతంలో మబ్బులో నీరు నీరుగా ఉండేది సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు వరకే. ఆ పైన అది చాలావరకు మంచు. మంచు ఈ తరంగాలను పెద్దగా అడ్డుకోదు, నీరు అడ్డుకుంటుంది. 67 డిగ్రీల వాలులో పైకి పోయే దారి 5 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి, నేల మీద కొలిస్తే మన ఇంటికి ఆగ్నేయంగా రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. అంటే మా పెద్దమ్మ టీవీ చూస్తున్నది తన ఇంటి నెత్తి మీది ఆకాశంలోంచి కాదు. ఆగ్నేయం వైపు రెండు కిలోమీటర్లు సాగిన ఒక వాలు సొరంగంలోంచి. వానమబ్బు ముందు ఆ సొరంగం మీదకు వస్తుంది, తర్వాత ఇంటి మీదకు వస్తుంది. గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో కదిలే మబ్బుకు ఆ రెండు కిలోమీటర్లు దాటడానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు పడుతుంది. తీగ మీది బట్టలు తీయడానికి సరిపోతుంది.

పడమటి నుంచి వచ్చే వేసవి గాలివానకు ఈ లెక్క కుదరదు. అప్పుడు చినుకులు ముందు మన మీద పడి, తర్వాత బొమ్మ పోతుంది. పెద్దమ్మను అడిగితే ఆ తేడా కూడా చెప్పింది: "ఎండాకాలం వాన మోసం చేస్తది."

చినుకు ఇంత పని ఎలా చేస్తుంది? డీటీహెచ్, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికే వచ్చే ప్రసారాల తరంగాలు కేయూ బ్యాండ్‌లో, సుమారు 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. అలా చూస్తే ఒక అల పొడవు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద చినుకు నాలుగైదు మిల్లీమీటర్లు. అలకూ చినుకుకూ మధ్య తేడా అయిదారు రెట్లే అయినప్పుడు, ప్రతి చినుకూ అల శక్తిని కొంత మింగి వేడిగా మార్చుకుంటుంది, కొంత పక్కలకు చెదరగొడుతుంది. ఒక్క చినుకు వల్ల ఏమీ కాదు. దారిలో నాలుగు కిలోమీటర్లు కుండపోత ఉంటే మాత్రం, పైనుంచి దిగిన శక్తిలో మన డిష్‌కు పదో వంతు చేరడం కూడా గగనమే. అసలే దిగేది అత్యల్పం. ఉపగ్రహంలో ట్రాన్స్‌పాండర్ అనే ఒక్కో ప్రసార యంత్రం వంద వాట్ల పైచిలుకు శక్తితో దేశమంతటికీ ప్రసారం చేస్తుంది, అంటే ఒక పాతకాలపు బల్బు వెలుగును కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పంచినట్టు. అందులో మన డిష్ పట్టేది, ఒక వాటును లక్ష కోట్ల భాగాలు చేస్తే వాటిలో కొద్ది భాగాలు. దానిలోంచి బొమ్మను లాగి చూపించగలగడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

చాలామంది బొమ్మ పోగానే మిద్దెక్కి డిష్‌ను తుడుస్తారు, తడతారు, ప్లాస్టిక్ కవరు కప్పుతారు. కానీ అడ్డు ఉన్నది ఆకాశంలో, ఆ రెండు కిలోమీటర్ల వాలు సొరంగంలో. ఆ తట్టడంలో డిష్ అర డిగ్రీ కదిలితే, వాన వెలిసినా బొమ్మ సరిగా రాదు. మెకానిక్‌ను పిలవాల్సి వస్తుంది. ఉరుముల్లో మిద్దె మీద ఇనప కడ్డీ పట్టుకుని నిలబడటం ప్రాణానికే ముప్పు. వానను పోనివ్వండి, బొమ్మ దానంతటదే వస్తుంది.

పాత యాంటెన్నాల కాలంలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చీమలు పాకినట్టు చుక్కలు వచ్చేవి, అయినా లీలగా కనిపించేది. ఇప్పుడు అలా కాదు. డిజిటల్ ప్రసారంలో దారిలో పోయిన అంకెలను లెక్కగట్టి పూడ్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది తట్టుకున్నంతసేపు బొమ్మ అద్దంలా ఉంటుంది. దాని శక్తి దాటగానే చదరాలు, ఆ వెంటనే ఖాళీ తెర. బలం తగ్గుతోందన్న సూచన మధ్యలో కంటికి కనబడదు. అందుకే మనకు 'ఉన్నట్టుండి పోయింది' అనిపిస్తుంది.

ఈ సందర్భంలో మన తీరం గురించి ఒక మాట. శ్రీహరికోట బోగోలుకు దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు. 2006 జులై 10న అక్కడి నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మోసుకెళ్లిన ఇన్శాట్-4సి ఉపగ్రహం, డీటీహెచ్ లాంటి సేవల కోసం తయారైనది, ప్రయోగం విఫలమై బంగాళాఖాతం పాలైంది. మరుసటి ఏడాది, 2007 సెప్టెంబర్ 2న, దానికి బదులుగా ఇన్శాట్-4సిఆర్ అదే తీరం నుంచి కక్ష్యకు చేరింది. మన గడపలో కూర్చుని చూసే బొమ్మ వెనక అలాంటి శ్రమ ఉంది.

ఇక రీచార్జి సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే.

ఉపగ్రహం నుంచి దిగే అల మా పెద్దమ్మ మిద్దె మీద పడినట్టే పక్కింటి రేకుల మీద పడుతుంది, చెరువు మీద పడుతుంది, బిట్రగుంట స్టేషన్లో ఆగిన గూడ్సు పెట్టెల మీద పడుతుంది. డబ్బు కట్టినవాళ్లకు ఒక ధార, కట్టనివాళ్లకు ఒక ధార అని లేదు. మరి నెలనెలా మనం డబ్బు కట్టేది దేనికి? తాళంచెవికి.

పే చానెల్ బొమ్మను పైకి పంపేముందే కలగాపులగం చేస్తారు. దాన్ని సరిచేసే రహస్య సంఖ్య ఒకటుంటుంది. అది కొద్ది సెకన్లకొకసారి, మామూలుగా పదేసి సెకన్లకు, మారిపోతుంది. ఆ సంఖ్యను కూడా గుప్తంగా, బొమ్మతో పాటే పంపిస్తారు. దాన్ని విప్పగలిగే హక్కు మన సెట్‌టాప్ బాక్స్‌లో ఉండే కార్డుకో, చిప్‌కో ఉంటుంది. ఆ హక్కుకు గడువు ఉంటుంది. మనం ఫోన్లో రీచార్జి కొట్టగానే కంపెనీ వాళ్లు 'ఫలానా నంబరు కార్డుకు ఫలానా తేదీ దాకా ఈ చానెళ్లు' అని ఒక చిన్న సందేశం తయారుచేస్తారు. అది మన ఇంటికి వచ్చే దారి ఏదో తెలుసా? అదే ఉపగ్రహం. దేశంలోని ఆ కంపెనీ బాక్సులన్నిటి చెవుల్లోనూ ఆ సందేశం పడుతుంది. కొండబిట్రగుంట తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడి పేరు మైకులో పిలిచినట్టు: వినేది అందరూ, పలికేది ఒక్కరే.

ఇది తెలియక మేమొకసారి అవస్థపడ్డాం. పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్లి రెండు నెలల తర్వాత తిరిగొచ్చింది. పొద్దున రీచార్జి చేశాను. సాయంత్రం టీవీ పెడితే ఒక్క పే చానెల్ రాలేదు. డబ్బు పోయిందనుకుంది. జరిగిందేమిటంటే, బాక్స్ స్విచ్ గోడ దగ్గరే ఆపేసి ఉంది. మైకులో పేరు పిలిచినప్పుడు పిల్లాడు తిరునాళ్లలోనే లేడన్నమాట. ఈ సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంటారు కానీ, ఎంతసేపటికొకసారి అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అందుకే కస్టమర్ కేర్ వాళ్లు 'బాక్స్ ఆన్ చేసి ఉంచండి, రిఫ్రెష్ పంపుతాం' అంటారు. రిఫ్రెష్ అంటే మైకులో ఇంకోసారి పిలవడమే.

బాక్స్‌కు తిరిగి మాట్లాడే నోరు లేదు. మన డిష్ 36,000 కిలోమీటర్ల పైకి ఏమీ పంపలేదు. కాబట్టి టీవీ నడుస్తోందో లేదో, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో ఉపగ్రహానికి తెలియదు. మనం ఊళ్లో లేని రోజులకూ గడువు కరిగిపోతుంది. ఎక్కువ రోజులు ఊరికి పోయేవాళ్లు ముందుగా చెప్పి సర్వీసును తాత్కాలికంగా ఆపించుకునే వీలు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో ఉంది. వాడుకోండి. అసలు తాళమే లేని ప్రసారం ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. డిష్, బాక్స్ ఒకసారి కొంటే చాలు, నెలసరి లేదు. పేద ఇళ్ల మీద ఆగ్నేయానికి తిరిగిన ఆ చిన్న డిష్‌లను చూసినప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది. ఆకాశం నుంచి పడేది అందరికీ పడుతున్నప్పుడు, కొంత భాగమైనా తాళం లేకుండా ఉండటం న్యాయం.

ఫోన్లో చూసే ఓటీటీలో తాళంచెవి సూత్రం అదే కానీ దారి వేరు. ప్రతిసారీ మన ఫోను సర్వర్‌ను అడుగుతుంది, సర్వర్ ఆ ఫోనుకే బొమ్మను పంపుతుంది. అంటే మీరేం చూస్తున్నారో, ఎక్కడ ఆపారో, ఏది దాటేశారో అవతలికి తెలుస్తూనే ఉంటుంది. డిష్ చెవి మాత్రమే, ఫోనుకు చెవీ నోరూ రెండూ ఉన్నాయి. క్రికెట్ రోజుల్లో ఇంకో తేడా బయటపడుతుంది. పక్కింట్లో డిష్ మీద చూసేవాళ్లు 'ఔట్' అని కేక వేస్తారు. మన ఫోన్లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టి ఉండడు. ఉపగ్రహం పైకి పోయి కిందికి రావడానికి పట్టేది పావు సెకను మాత్రమే. ఫోన్లో బొమ్మ కొన్ని సెకన్ల ముక్కలుగా కత్తిరించి వస్తుంది. మధ్యలో ఆగకుండా ఉండటానికి ఫోను రెండు మూడు ముక్కలు ముందే దాచుకుని తర్వాత చూపిస్తుంది. అలా దాచుకోవడం వల్లే ఆ ఆలస్యం.

డబ్బు లెక్కలో ఫోను మరీ జాగ్రత్తగా చూడాల్సింది. 28 రోజుల ప్లాన్ అంటే నెల అనుకుంటాం. 28ని 13తో గుణిస్తే 364. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు. ఈ అసంతృప్తిని విని, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకునే ప్లాన్ ఒకటి పెట్టాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. మన షాపుల్లో అడిగేవాళ్లు తక్కువ, అందుకే చెప్పేవాళ్లూ తక్కువ. అడగండి. ఓటీటీల విషయంలో మా తమ్ముడొకడు 'మొదటి నెల ఉచితం' అన్నదానికి నొక్కి, ఏడు నెలలు చూడని యాప్‌కు డబ్బు కట్టాడు. చేరడానికి ఒక్క నొక్కు. వదిలించుకోవడానికి అయిదు తెరలు. ఇలాంటి సబ్‌స్క్రిప్షన్ ఉచ్చును అనుచిత పద్ధతిగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ప్రకటించిన మార్గదర్శకాల్లో పేర్కొంది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లలో 'ఆటోపే' అన్నచోట ఆ యాప్ ద్వారా మీరు ఒప్పుకున్నవి కనిపిస్తాయి, అక్కడే ఆపేయొచ్చు. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

మళ్లీ సముద్రం దగ్గరికి వస్తాను. జువ్వలదిన్నె నుంచి వేటకు పోయే పడవల్లో ఫోనులోనో, విడిగానో జీపీఎస్ ఉంటుంది. టీవీ బొమ్మను చంపేసిన వానలోనే అది చక్కగా పనిచేస్తుంది. ఎందుకంటే జీపీఎస్ అల పొడవు 19 సెంటీమీటర్లు. దానికి చినుకు లెక్కలోది కాదు. పైగా దానికి నెలసరి లేదు. మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతానికి తాళం వేయలేదు కాబట్టి ఎవరైనా వినొచ్చు. ఇంకా పొడవైన మీడియం వేవ్ రేడియో అల వందల మీటర్లు. తుపాను వాన దానికి గాలితో సమానం.

1989 నవంబర్ 9న తుపాను కావలి దగ్గర తీరం దాటింది. దాన్ని ఇప్పటికీ కావలి తుపాను అనే అంటారు. అప్పటికి మన మిద్దెల మీద డిష్‌లు లేవు. ఇప్పుడు ప్రతి ఇంటి మీదా ఉన్నాయి, కానీ తుపాను వార్త అత్యవసరమైన గంటలో ముందుగా మూగబోయేది అవే. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్‌నెట్, 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను ఇస్తామని మొదలైంది. గాజు తీగలో వెలుగు పోతుంది కనుక వాన దాన్ని ఏమీ చేయలేదు. ఆ తీగ నడిచేది కరెంటు స్తంభాల మీద. ఈదురుగాలికి స్తంభం ఒరిగితే అదీ తెగుతుంది. సెల్ టవర్ నుంచి అన్ని ఫోన్లకూ ఒకేసారి వచ్చే హెచ్చరికలను 2023లో పరీక్షించారు. ఆ రోజు ఊరంతా ఫోన్లు ఒక్కసారిగా కీచుమన్నాయి, గుర్తుందా? ఆ సందేశం నంబరు చూడదు, రీచార్జి చూడదు. కానీ దానికి టవర్ నిలబడాలి, ఫోన్లో చార్జింగ్ ఉండాలి.

తీరంలో డిష్‌కు వాన కన్నా పెద్ద శత్రువు ఉప్పుగాలి. వాన గంటలో పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. ఉప్పు గాలిలోని తేమను లాగి లోహం మీద పలచని ఉప్పునీటి పొరగా నిలబెడుతుంది, అందులో తుప్పు వేగంగా సాగుతుంది. పెద్దమ్మ ఇంటి ఎల్‌ఎన్‌బి దగ్గర వైరు విప్పి చూస్తే, మధ్య రాగి తీగ పచ్చగా పొడిపొడిగా రాలింది. కంటికి డిష్ బాగానే ఉంది, సిగ్నల్ సగం అక్కడే పోతోంది. అలాంటి ఇంట్లో చిన్న జల్లుకు కూడా బొమ్మ పోతుంది. కొత్త కనెక్టర్ వేసి, నీళ్లు దూరకుండా రబ్బరు టేపు చుట్టించాక, అంతకుముందు తుంపరకే పోయే బొమ్మ ఇప్పుడు గట్టి వానకు గానీ పోవడం లేదు.

అక్టోబరు రాకముందే, ఎండ ఉన్న రోజు చూసి మీ మిద్దె మీది డిష్ బోల్టులు బిగించండి, కనెక్టర్‌కు టేపు చుట్టించండి. సెట్‌టాప్ బాక్స్ కార్డు నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒకటి కొని ఇంట్లో ఉంచండి. దానికి నెలసరి లేదు.